డాక్టరుగారి సంతకం

ఒంట్లో బాగాలేదంటే ఇంటికే వచ్చి చూసే డాక్టరు. పేరుపెట్టి పలకరించే డాక్టరు. పక్కన కూర్చుని కష్టసుఖాలు వినే డాక్టరు. అలాంటి వైద్యుడు దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు? ఇంగ్లండులోని హైడ్ అనే చిన్న పట్టణం కూడా వదులుకోలేదు. ఆ నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టి 23 ఏళ్లలో 215 మందిని చంపాడతను. ఇంతమందిని పొట్టనపెట్టుకున్న మనిషిని పట్టించింది గొప్ప నిఘా కాదు. ఒక పాత టైప్‌రైటరు, ఒక కంప్యూటరు, ఓ కూతురి అనుమానం. డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ అరెస్టు, విచారణల కథ ఇది.

1998 జూన్ 24. మాంచెస్టర్ శివార్లలోని హైడ్ పట్టణం. అక్కడి వృద్ధుల భోజన కేంద్రంలో ఆ రోజు ఒక మనిషి తక్కువైంది. కాథలీన్ గ్రండీ రాలేదు. 81 ఏళ్ల వయసులోనూ చకచకా తిరుగుతూ, తన ఈడువాళ్లకు వడ్డించి వచ్చే మనిషి ఆమె. భర్త ఒకప్పుడు ఆ ఊరి మేయరు. చెప్పిన వేళకు రాకపోవడమంటూ ఆమె విషయంలో ఉండదు. కంగారుపడి ఇంటికి వెళ్లి చూశారు. సోఫాలో, వేసుకున్న బట్టలతో, నిద్రపోతున్నట్టే ఉందామె. ప్రాణం లేదు.

ఆ ఉదయమే ఫ్యామిలీ డాక్టరు వచ్చి వెళ్లాడు. వృద్ధాప్యం మీద ఏదో పరిశోధన జరుగుతోందని, రక్తం నమూనా కావాలని ముందే చెప్పాడు. కబురు అందగానే మళ్లీ వచ్చాడు. మరణానికి కారణం 'వృద్ధాప్యం' అని రాసి సంతకం చేశాడు. చనిపోడానికి కాస్త ముందే తాను చూశాను కాబట్టి పోస్టుమార్టం అక్కర్లేదని ఆమె కూతురితో చెప్పాడు.

పోస్టుమార్టం తప్పిందంటే అలాంటి సమయంలో మనమైనా ఊపిరి పీల్చుకుంటాం. ఆ కూతురూ అంతే. జులై 1న తల్లిని ఖననం చేశారు. అక్కడితో కథ ముగిసిపోవాల్సింది. అంతకుముందు 200 మందికి పైగా విషయంలో అలాగే ముగిసింది మరి!

ఊరు మెచ్చిన డాక్టరు

షిప్‌మన్ 1946లో నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. లీడ్స్‌లో వైద్యం చదివి 1970లో పట్టా పుచ్చుకున్నాడు. 1977లో హైడ్‌కు వచ్చి మొదట ఇతర డాక్టర్లతో కలిసి పనిచేశాడు. 1992లో విడిపోయి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. మార్కెట్ స్ట్రీట్‌లో క్లినిక్కు. సుమారు మూడు వేల మంది రోగులు. ఒక్కడే డాక్టరు.

బ్రిటన్‌లో ప్రతి కుటుంబమూ దగ్గర్లోని డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది. ఏ జబ్బుకైనా ముందు ఆయన దగ్గరికే వెళ్లాలి. షిప్‌మన్ దగ్గర పేరు రాయించుకోడానికి జనం వరసలో ఎదురుచూసేవారు. పిలిస్తే ఇంటికొస్తాడు, పిలవకపోయినా దారిన పోతూ తలుపు తట్టి 'ఎలా ఉన్నారు' అని అడుగుతాడని పేరు. తోటి డాక్టర్ల దగ్గర కాస్త గర్విష్ఠి అనిపించుకున్నా ముసలివాళ్లకు మాత్రం ఆయన మాటే వేదం. ఒంటరిగా ఉండే పెద్దావిడలకైతే డాక్టరుగారి రాకే ఆ వారానికి పెద్ద విశేషం.

అలా పిలవకుండా వచ్చిన రాకల్లో చాలా వాటి వెనక ఏముందో ఆ తర్వాత గానీ లోకానికి తెలియలేదు.

ఆ వీలునామా ఎవరిది?

గ్రండీ కూతురు లాయరు. తల్లి ఆస్తి వ్యవహారాలన్నీ ఆమే చూసేది. 1986లో రాసిన వీలునామా ఆమె దగ్గరే భద్రంగా ఉంది. అలాంటిది, హైడ్‌లోని ఓ లాయర్ల సంస్థకు ఇంకో వీలునామా వచ్చిందని తెలిసి ఆమె ఉలిక్కిపడింది. అది ఆ సంస్థకు చేరింది సరిగ్గా తల్లి చనిపోయిన రోజునే!

తెప్పించుకుని చూసింది. యావదాస్తీ డాక్టరుకే. విలువ సుమారు 3,86,000 పౌండ్లు. కూతురికీ మనవలకూ చిల్లిగవ్వ లేదు. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. టైపు చూస్తే చేయి తిరగనివాళ్లు కొట్టినట్టుంది. కాగితం మీద చిన్న మరకనైనా సహించని మనిషి అమ్మ. తనకు రెండు ఇళ్లుండగా ఒక్కదాని గురించే రాస్తుందా? పైగా గ్రండీ మరణించిందని చెబుతూ, ఆమెకు స్నేహితులమంటూ ఆ సంస్థకు ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. ఆ స్నేహితులెవరో ఎవరికీ తెలియదు.

వీలునామా మీద సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరినీ వెతికి పట్టుకుంది. ఇద్దరూ షిప్‌మన్ రోగులే. క్లినిక్కులో తమ వంతు కోసం కూర్చుని ఉంటే డాక్టరు పిలిచి, మడతపెట్టిన కాగితం మీద సంతకం చేయమన్నాడు. చేశారు. అదేమిటని అడగలేదు. డాక్టరుగారిని అడుగుతామా?

కూతురికి అర్థమైపోయింది. వీలునామా దొంగది. అది దొంగదైతే అమ్మ చావు సంగతేమిటి? ఆలోచిస్తేనే ఒళ్లు జలదరించే ప్రశ్న. అయినా ఆమె మనసులో దాచుకోలేదు. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లింది.

అంతకుముందే అనుమానించినవారు

షిప్‌మన్‌ను అనుమానించినవాళ్లలో ఆమె మొదటి మనిషి కాదు. ఈ కథలో గుండెను పిండే భాగం ఇదే.

హైడ్‌లో అంత్యక్రియలు జరిపించే ఓ కుటుంబం ఉంది. ఎవరు చనిపోయినా కబురు వాళ్లకే వెళుతుంది. షిప్‌మన్ రోగుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా వాళ్లకు ఒకే దృశ్యం. పోయింది ఒంటరిగా ఉండే పెద్దావిడ. మంచం పట్టి తీసుకుని తీసుకుని పోయింది కాదు. చక్కగా బట్టలు వేసుకుని కుర్చీలోనో సోఫాలోనో కూర్చుని ఉంటుంది. డాక్టరు అప్పుడే వచ్చి వెళ్లాడనో, దగ్గరే ఉన్నాడనో చెబుతారు. ఒకటి రెండయితే యాదృచ్ఛికమనుకోవచ్చు. ఇన్నా? ఆ ఇంటి పెద్దాయన వెళ్లి షిప్‌మన్‌నే అడిగేశాడు. డాక్టరు ఏమాత్రం తడబడలేదు. కావాలంటే రికార్డులు చూసుకోమన్నాడు. పెద్దాయన సమాధానపడి వచ్చేశాడు. కూతురికి మాత్రం మనసొప్పలేదు.

అదే ఊళ్లో ఓ టాక్సీ డ్రైవరు. వయసు మళ్లినవాళ్లను బజారుకీ ఆసుపత్రికీ తిప్పడం అతని పని. తన బండెక్కే పెద్దావిడలు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. నిన్నటిదాకా నవ్వుతూ మాట్లాడినావిడ ఈ రోజు లేదంటారు. ఎవరు వైద్యుడని ఆరా తీస్తే వచ్చే జవాబు ఒక్కటే... షిప్‌మన్. ఆ పేర్లన్నీ ఓ జాబితాగా రాసి పెట్టుకున్నాడు. కానీ డాక్టరు మీద టాక్సీ డ్రైవరు చెబితే ఎవరు నమ్ముతారు? పోలీసులకు చెప్పేసరికి 1998 ఆగస్టు వచ్చేసింది.

మూడో వ్యక్తి డాక్టర్ లిండా రేనాల్డ్స్. షిప్‌మన్ క్లినిక్కుకు ఎదురుగా ఉన్న బ్రూక్ సర్జరీలో వైద్యురాలు. అప్పట్లో అక్కడ శవాన్ని దహనం చేయాలంటే చూసిన డాక్టరుతో పాటు మరో డాక్టరూ సంతకం చేయాల్సి ఉండేది. షిప్‌మన్ రోగుల విషయంలో ఆ రెండో సంతకం బ్రూక్ డాక్టర్లది. ఆ కాగితాలు మరీ తరచుగా వస్తున్నాయని వాళ్లకు అనిపించింది. అంత్యక్రియలు జరిపించే ఇంటి అమ్మాయి మాటలూ తోడయ్యాయి. లెక్క వేసుకుంటే గుండె గుభేలుమంది. తమ దగ్గరున్న రోగుల్లో మూడో వంతు మాత్రమే ఉన్న షిప్‌మన్ దగ్గర అన్ని మరణాలేమిటి?

1998 మార్చిలో రేనాల్డ్స్ ధైర్యం చేసి కరోనర్ జాన్ పొలార్డ్‌కు చెప్పారు. అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి ఆయన. ఆయన పోలీసులకు అప్పగించారు. దహనానికి సిద్ధంగా ఉన్న రెండు శవాలకు పోస్టుమార్టం చేయిస్తే ఆ రోజే గుట్టు రట్టయ్యేది. చేయించలేదు. షిప్‌మన్‌కు పాత నేరచరిత్ర ఉందేమో చూడలేదు. వైద్య మండలిని అడగలేదు. కొన్ని రికార్డులు తిరగేసి, ఏమీ లేదని ఏప్రిల్ 17న ఫైలు మూసేశారు.

ఆ తర్వాత షిప్‌మన్ మరో ముగ్గురిని చంపాడు. మే 11న ఒకరిని. జూన్ 12న ఇంకొకరిని. జూన్ 24న కాథలీన్ గ్రండీని.

సమాధి చెప్పిన నిజం

1998 ఆగస్టు 1. ఇంకా తెల్లవారలేదు. హైడ్ శ్మశానంలో పోలీసులు గ్రండీ సమాధిని తవ్వారు. ఖననం జరిగి సరిగ్గా నెల. ఆమెను దహనం చేసి ఉంటే సాక్ష్యం బూడిదలో కలిసిపోయేది.

శవం నుంచి తీసిన నమూనాలను పరీక్షిస్తే తేలింది మార్ఫిన్. అదీ ప్రాణం తీసేటంత. క్యాన్సర్ చివరి దశలో భరించలేని నొప్పికి వాడే డయామార్ఫిన్ అనే మందు ఒంట్లోకి వెళ్లాక మార్ఫిన్‌గా మారుతుంది. వైద్య అవసరాలకు వాడే హెరాయిన్ పేరే డయామార్ఫిన్. నరానికి ఎక్కువ మోతాదులో ఇస్తే నిమిషాల్లో ఊపిరి ఆగిపోతుంది. చూసేవాళ్లకు నిద్రలో పోయినట్టే ఉంటుంది. కానీ మార్ఫిన్ ఆనవాళ్లు శవంలో చాలాకాలం చెరిగిపోవు. అంత చదువుకున్న డాక్టరుకు ఈ సంగతి తట్టలేదో, సమాధిని తవ్వేదాకా ఎవరొస్తారులే అనుకున్నాడో మరి.

అదే రోజు పోలీసులు క్లినిక్కును సోదా చేశారు. టైప్‌రైటరు సంగతి అడిగితే షిప్‌మనే తీసిచ్చాడు. బ్రదర్ కంపెనీ పోర్టబుల్ యంత్రం. గ్రండీ అప్పుడప్పుడూ అరువు తీసుకునేదని ముక్తాయించాడు. వీలునామాను టైపు చేసింది ఆ యంత్రం మీదేనని నిపుణులు తేల్చారు. ఆ కాగితం మీద అతని వేలిముద్ర దొరికింది. వీలునామా రాసినట్టు చెబుతున్న గ్రండీ వేలిముద్ర ఒక్కటీ లేదు!

సెప్టెంబరు 7న షిప్‌మన్‌ను అరెస్టు చేశారు.

ఊరు నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగిందన్నారు. మద్దతుగా క్లినిక్కుకు కార్డులు పంపినవాళ్లున్నారు. అంత మంచి డాక్టరు మీద అభాండమా అని కోప్పడినవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. తమ పిల్లల్ని ఎత్తుకున్న చేతుల గురించి అలాంటి మాట వింటే ఎవరికైనా మింగుడుపడుతుందా?

కంప్యూటరు కూడా సాక్షే

గ్రండీకి మత్తుమందుల అలవాటు ఉందని షిప్‌మన్ వాదించాడు. అనుమానం వచ్చి తాను రికార్డుల్లో రాసుకున్నానని చెప్పాడు. చూస్తే నిజంగానే రాసి ఉంది. కానీ అవి పాత తేదీలు వేసి తర్వాత చేర్చిన రాతలని తేలింది.

పోలీసులు మిగతా మరణాల వైపూ చూపు తిప్పారు. మరికొన్ని సమాధులు తవ్వారు. మళ్లీ మార్ఫిన్! క్లినిక్కు కంప్యూటరును నిపుణులకు అప్పగించారు. షిప్‌మన్‌కు తెలియని సంగతి ఒకటి అందులో ఉంది. రోగి వివరాల్లో ఏ మార్పు చేసినా, తెర మీద ఏ తేదీ వేసినా, అసలు ఎప్పుడు చేశారన్నది హార్డ్‌డిస్క్ విడిగా దాచుకుంటుంది.

మే 11న చనిపోయిన 73 ఏళ్ల మహిళ సంగతే చూడండి. ఆమెకు కొన్ని నెలలుగా గుండెనొప్పి ఉన్నట్టు రికార్డులో ఉంది. ఇంట్లోవాళ్లెవరికీ ఆ నొప్పి సంగతి తెలియదు. ఎందుకంటే అలాంటిది లేదు. ఆ రాతలన్నీ ఆమె చనిపోయిన మధ్యాహ్నమే కంప్యూటరులోకి ఎక్కాయి. అంటే ముందు చంపి, క్లినిక్కుకు వచ్చి, తీరిగ్గా జబ్బును సృష్టించాడన్నమాట. పోలీసులు ఆ వివరాలు ముందు పెడితే చెప్పడానికి అతని దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకో ఎత్తు టెలిఫోను. కొన్నిచోట్ల బంధువుల ముందు అంబులెన్సుకు ఫోన్ చేసినట్టు నటించేవాడు. మరుక్షణం నాడి చూసి, ఇక అక్కర్లేదని రద్దు చేసినట్టు చెప్పేవాడు. టెలిఫోను రికార్డులు తీస్తే అలాంటి కాల్సే వెళ్లలేదు. ప్రాణం పోయిందని ఎవరైనా వచ్చి చూసేలోపు తలుపులన్నీ మూసేయడమే అతని పని.

ప్రెస్టన్ కోర్టులో

1999 అక్టోబరు 5న ప్రెస్టన్ క్రౌన్ కోర్టులో విచారణ మొదలైంది. న్యాయమూర్తి జస్టిస్ ఫోర్బ్స్. అభియోగాలు 16. పదిహేను హత్యలు, ఒక ఫోర్జరీ. హతులంతా మహిళలే. వయసు 49 నుంచి 81 దాకా. అందరూ 1995-98 మధ్య చనిపోయినవారే.

కేసులన్నీ ఒకేసారి వింటే జ్యూరీ మనసు విరిగిపోతుందని, విడదీసి విచారించాలని డిఫెన్స్ ముందే కోరింది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ప్రాసిక్యూషన్‌కు అదే బలమైంది. ఎందుకంటే 15 మందిలో తొమ్మిది మందినే ఖననం చేశారు. వాళ్ల శరీరాల్లో మార్ఫిన్ దొరికింది. మిగతా ఆరుగురినీ దహనం చేశారు. శవమే లేదు, మార్ఫిన్ ఎక్కణ్నుంచి తెస్తారు? కానీ పదిహేను కథలనూ పక్కపక్కన పెడితే... అదే డాక్టరు, అదే మధ్యాహ్నం రాక, కుర్చీలో అదే చావు, రికార్డుల్లో అవే దొంగ రాతలు. ఒంటరిగా చూస్తే సహజ మరణంలా కనిపించేది వరసలో పెడితే హత్యగా తేలిపోయింది.

'బాధ చూడలేక చేసి ఉంటాడేమో' అన్న అనుమానానికి ప్రాసిక్యూటర్ రిచర్డ్ హెన్రిక్స్ మొదట్లోనే తెరదించారు. వీళ్లెవరూ చావుబతుకుల మధ్య ఉన్నవాళ్లు కాదు. చావునడిగినవాళ్లు అంతకన్నా కాదు. ఒకావిడైతే నడుచుకుంటూ క్లినిక్కుకే వచ్చింది. లోపలి గదిలో చనిపోయింది. ఆ సంగతి బయట చెప్పకముందు షిప్‌మన్ వేరే రోగుల్ని చూస్తూనే ఉన్నాడు. ఎదుటివాళ్ల చావుబతుకులు తన చేతిలో ఉన్నాయన్న అధికారమే అతనికి కిక్కు అని హెన్రిక్స్ వాదించారు.

షిప్‌మన్ బోనెక్కి రోజుల తరబడి సాక్ష్యం చెప్పాడు. ప్రతి మరణానికీ ఓ వివరణ. ఒక్క మాటా ఒప్పుకోలేదు. 'డయామార్ఫిన్ నా దగ్గర ఉంచుకోను' అనేది అతను ముందునుంచీ చెప్పే మాట. అది అబద్ధమని రుజువైంది. క్యాన్సరుతో పోతున్న రోగుల పేర ఎక్కువ మందు రాసి తెప్పించుకునేవాడు. ఆ రోగి పోయాక మిగిలింది 'పారేస్తాను' అంటూ ఇంట్లోవాళ్ల దగ్గర తీసుకునేవాడు. ఒకరి నొప్పి తగ్గించాల్సిన మందు మరొకరి ప్రాణం తీసింది.

జ్యూరీ ఆరు రోజులు చర్చించింది. 2000 జనవరి 31న తీర్పు వచ్చింది. పదహారింటిలోనూ దోషి. పదిహేను యావజ్జీవాలు, ఫోర్జరీకి నాలుగేళ్లు. నయంచేసే చేయే అని నమ్మి ఆ స్త్రీలు చివరిక్షణం దాకా అతనికి చేయి చాచారని న్యాయమూర్తి బాధపడ్డారు. ఇతను జైలు నుంచి ఎప్పటికీ బయటకు రాకూడదని సిఫార్సు చేశారు. ఆ తర్వాతి నెలలో వైద్య మండలి రిజిస్టరు నుంచి అతని పేరు కొట్టేశారు.

15 కాదు... 215

తీర్పు వచ్చింది సరే, కోర్టుకు రాని చావుల మాటేమిటి? 'మా అమ్మ కూడా ఆయన రోగే', 'మా నాన్న చనిపోయినప్పుడు ఆయనే పక్కనున్నాడు'... హైడ్‌లో ఇంటింటా ఇదే గుబులు. ప్రభుత్వం మొదట తలుపులు మూసి విచారణ జరిపిస్తానంది. హతుల కుటుంబాలు హైకోర్టుకెక్కాయి. బహిరంగ విచారణకు ప్రభుత్వం తలొగ్గింది. హైకోర్టు న్యాయమూర్తి డేమ్ జానెట్ స్మిత్ ఆ బాధ్యత తీసుకున్నారు.

ఆమె ఒక్కో మరణాన్నీ విడిగా పరిశీలించారు. 2002 జులై 19న వెలువడిన మొదటి నివేదిక చూసి బ్రిటన్ నోరెళ్లబెట్టింది. షిప్‌మన్ 215 మందిని చంపినట్టు తేలింది. 171 మంది స్త్రీలు, 44 మంది పురుషులు. మరో 45 మరణాల మీద బలమైన అనుమానం. తొలి హత్య 1975 మార్చిలో, హైడ్‌కు రాకముందు పనిచేసిన టాడ్‌మార్డెన్‌లో. హతురాలు మర్నాడు 71వ పుట్టినరోజు జరుపుకోవాల్సిన మహిళ. 2005 జనవరిలో వచ్చిన ఆఖరి నివేదిక మొత్తం సంఖ్య 250 దాకా ఉండొచ్చని అంచనా వేసింది.

పోలీసుల మొదటి దర్యాప్తునూ జానెట్ స్మిత్ కడిగేశారు. ఆ మార్చిలోనే పని సరిగా జరిగి ఉంటే చివరి ముగ్గురూ బతికేవారని తేల్చి చెప్పారు. ఆ మాట వినడానికి డాక్టర్ లిండా రేనాల్డ్స్ లేరు. తీర్పు వచ్చిన ఏడాదే క్యాన్సరుతో కన్నుమూశారు.

అన్నేళ్లు ఎలా సాగింది?

షిప్‌మన్ మహామేధావేం కాదు. వీలునామా చూస్తేనే తెలుస్తుంది. అతన్ని కాపాడింది తెలివి కాదు, పద్ధతి.

మొదటి లొసుగు డెత్ సర్టిఫికెట్. ఇంట్లో పోయిన మనిషి ఎందుకు పోయాడో రాసేది చూస్తున్న డాక్టరే. ఆ సంతకం ఉంటే పోలీసులు రారు, పోస్టుమార్టం ఉండదు. ఆ డాక్టరే హంతకుడైతే? ఆ ప్రశ్న చట్టం రాసినవాళ్లకు తట్టలేదు. హంతకుడే పంచనామా రాసుకున్నట్టయింది!

రెండోది దహనానికి కావాల్సిన రెండో సంతకం. ఇంకో డాక్టరు స్వతంత్రంగా విచారించి సంతకం చేయాలన్నది ఉద్దేశం. ఆచరణలో ఆ డాక్టరు మొదటి డాక్టరునే అడిగేవాడు. ఆయన చెప్పిందే రాసి, ఫీజు తీసుకునేవాడు. ఇంట్లోవాళ్లను పలకరించి 'మీకేమైనా తేడాగా అనిపించిందా' అని అడిగింది అరుదు.

మూడోది షిప్‌మన్ గతం. 1970ల మధ్యలో టాడ్‌మార్డెన్‌లో పనిచేస్తుండగా పెథిడిన్ అనే మత్తుమందుకు బానిసయ్యాడు. దొంగ చీటీలు రాసి తెప్పించుకుంటూ దొరికిపోయాడు. 1976లో కోర్టు 600 పౌండ్ల జరిమానా వేసింది. వైద్య మండలి హెచ్చరికతో వదిలేసింది. చికిత్స చేయించుకుని, మరుసటి ఏడాదే హైడ్‌లో చేరాడు. కొత్త సహచరులకు ఈ సంగతి చెప్పాడు. రోగులకు చెప్పేవాళ్లెవరూ లేరు.

జవాబు దొరకని ప్రశ్న

ఇంతకీ ఎందుకు చంపాడు? డబ్బు కోసమా అంటే గ్రండీ వీలునామా ఒక్కటే పెద్ద మొత్తం. మిగతా చావుల్లో అలాంటి లాభమే కనిపించదు. అతని 17వ ఏట తల్లి ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయింది. నొప్పికి డాక్టరు ఇంటికొచ్చి మార్ఫిన్ ఇచ్చేవాడు. ఆ దృశ్యం మనసులో ముద్రపడిందని కొందరంటారు. చంపడం కూడా అతనికో వ్యసనంగా మారి ఉండొచ్చని జానెట్ స్మిత్ అభిప్రాయపడ్డారు. అంతకుమించి తేల్చలేమన్నారు.

చెప్పాల్సినవాడు చెప్పలేదు. 2004 జనవరి 13న వేక్‌ఫీల్డ్ జైలు గదిలో దుప్పటితో ఉరేసుకున్నాడు. మర్నాడు అతనికి 58 ఏళ్లు నిండేవి. 'మా అమ్మను ఎందుకు?' అని అడగాలనుకున్నవాళ్ల ప్రశ్న అలాగే మిగిలిపోయింది. చావులోనూ ఆఖరి మాట తనదే కావాలనుకున్నాడని హతుల కుటుంబాలు మండిపడ్డాయి.

ఆ తర్వాత...

షిప్‌మన్ కేసు బ్రిటన్ వైద్యరంగాన్ని కుదిపేసింది. మత్తుమందుల నిల్వల మీద నిఘా పెరిగింది. డాక్టర్ల పనితీరును ఏటా మదింపు చేసి, ఐదేళ్లకోసారి లైసెన్సును మళ్లీ ధ్రువీకరించే విధానం 2012 డిసెంబరులో మొదలైంది. అక్కడ పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లకూ ఆ మదింపు తప్పదు.

అసలు లొసుగైన డెత్ సర్టిఫికెట్ సంగతి మాత్రం చాలాకాలం నానింది. 2009లో చట్టం చేశారు. ఇంగ్లండు, వేల్స్‌లలో పూర్తిగా అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబరు 9న. ఇప్పుడు కరోనర్ దగ్గరికి వెళ్లని ప్రతి మరణాన్నీ ఆ రోగిని చూడని మరో వైద్యుడు పరిశీలించాలి. రికార్డులు చూడాలి. ముఖ్యంగా, ఇంట్లోవాళ్లకు ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వాలి. గ్రండీ మరణించిన 26 ఏళ్లకు గానీ ఆ ఒక్క సంతకం పక్కన రెండో జత కళ్లు చేరలేదు.

హైడ్ పట్టణంలోని పార్కులో హతుల జ్ఞాపకార్థం 2005లో ఓ చిన్న తోట వేశారు. ఆ ఊరి జనం డాక్టర్లను నమ్మడం మానేయలేదు. మానేస్తే బతుకు సాగదు కూడా. లక్షల మంది డాక్టర్లు ప్రాణాలు పోయడానికే అహోరాత్రులు శ్రమిస్తున్నారు, వాళ్ల మీద ఈ ఒక్కడి నీడ పడటం న్యాయం కాదు. కానీ అంత్యక్రియలు జరిపించే అమ్మాయి, టాక్సీ డ్రైవరు, ఎదురు క్లినిక్కు డాక్టరమ్మ, లాయరు కూతురు... వీళ్లెవరూ డాక్టర్లంటే గిట్టనివాళ్లు కాదు. కళ్లముందు కనిపించింది లెక్క కుదరక 'ఎందుకిలా?' అని అడిగినవాళ్లు. ఆ ప్రశ్నను మొదటిసారి అడిగినప్పుడే ఎవరైనా చెవిన పెట్టి ఉంటే, కాథలీన్ గ్రండీ ఆ జూన్ మధ్యాహ్నం ఎప్పటిలాగే భోజన కేంద్రానికి వెళ్లి వడ్డిస్తూ ఉండేది.